కుళాయి కట్టడం మరచిన నాన్నగారు, నోరు జారిన నేను: ఇప్పుడు ఏం చేయాలి?

కనిగిరి_కుర్రవాడు (ప్రశ్న)

నమస్కారం. మేము బెంగళూరులో కె.ఆర్. పురం దగ్గర ఒక అపార్ట్‌మెంటు మూడవ అంతస్తులో ఉంటున్నాము. మా నాన్నగారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. అమ్మ పోయిన తరువాత, రెండేళ్లుగా ఆయన మా దగ్గరే ఉంటున్నారు. గత నెలలో మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన గురించి మీ అందరి సలహా కోరుతున్నాను. కొంచెం వివరంగా రాస్తున్నందుకు మన్నించండి, వివరం లేకపోతే నా ప్రశ్న అర్థం కాదు.

ఆ రోజు పై ట్యాంకు శుభ్రం చేయిస్తున్నందువల్ల ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు గంటల వరకు నీళ్లు రావని అపార్ట్‌మెంటు సంఘం వారు ముందుగానే వాట్సాప్ గ్రూపులో తెలియజేశారు. రెండు గంటలకు కొద్దిగా ముందు నాన్నగారు మజ్జిగ తాగి, గ్లాసు కడుగుదామని వంటింటి సింకు దగ్గర కుళాయి లీవరు ఎత్తారు. నీళ్లు రాలేదు. గ్లాసు అక్కడే పెట్టి, బడి బస్సులో వచ్చే మా అబ్బాయిని తీసుకురావడానికి కిందికి వెళ్లారు. వాడు ఆడుకుంటానంటే పార్కులో బల్ల మీద కూర్చున్నారు. ఆయన లేచి వెళ్లిన కాసేపటికే నీళ్లు వచ్చాయి. సింకులో బోర్లా పడి ఉన్న ఒక స్టీలు పళ్లెం సరిగ్గా నీరు పోయే చిల్లును మూసేసింది. సింకు నిండి, వంటిల్లు నిండి, హాలు దాటి, వీధి తలుపు కింద నుంచి మెట్ల మీదికి నీరు పారింది. అది చూసిన వాచ్‌మన్ నాకు మూడుసార్లు ఫోను చేశాడు. నేను మీటింగులో ఉండి ఫోనును సైలెంటులో పెట్టినందువల్ల చూసుకోలేదు. చివరికి నాలుగు గంటలకు నాన్నగారే వచ్చి తలుపు తీశారు.

నేను ఇల్లు చేరేసరికి అయిదు దాటింది. పడకగదిలో మూడేళ్ల క్రితం అప్పు చేసి వేయించిన చెక్క ఫ్లోరింగు అంచులు అప్పడంలా పైకి లేచి ఉన్నాయి. కింది ఇంట్లో కన్నడిగులైన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. ఆవిడ హాలు కప్పు మీద పెద్ద మరక పడింది, కప్పు నుంచి సోఫా మీదికి నీటి చుక్కలు పడుతున్నాయి. నాన్నగారు పంచె మోకాళ్ల పైకి కట్టుకొని, పాత తువ్వాలుతో నీరు అద్ది బకెట్టులోకి పిండుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి, మా అబ్బాయి వింటుండగా, "ముప్పై అయిదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పారు, ఒక కుళాయి కట్టడం తెలియదా?" అన్నాను. ఇంకా కొన్ని మాటలు అన్నాను, వాటిని ఇక్కడ రాయలేను. నాన్నగారు తలెత్తకుండా తువ్వాలు పిండుతూనే ఉన్నారు.

సరిగ్గా ఆ సమయంలో కింది ఇంటావిడ పైకి వచ్చారు. గొడవకు వచ్చారనుకున్నాను. ఆవిడ తన ఇంట్లోని మాప్ కర్ర చేత్తో పట్టుకొని వచ్చి, "పరవాగిల్ల" (పరవాలేదు) అని, నాన్నగారి వైపు తిరిగి, నేల జారుతోంది కనుక ముందు మీరు కుర్చీలో కూర్చోండని చెప్పారు. నష్టపోయిన ఆవిడకు ఆయన కాలు జారుతుందేమోనన్న ఆలోచన వచ్చింది. కన్నకొడుకుకు రాలేదు.

అప్పటి నుంచి నాన్నగారు వంటింట్లోకి రావడం లేదు. ఉదయమే ఒక సీసాలో నీళ్లు పట్టించుకొని రోజంతా అవే తాగుతున్నారు. "నాయనా, ఈ ఫ్యాను వేసుకోవచ్చునా?" అని అడుగుతున్నారు. రాత్రి పడుకునే ముందు స్నానాల గదిలో కుళాయిలను నాలుగైదుసార్లు తడిమి చూసి వస్తున్నారు. ఒంగోలులో ఉన్న మా చెల్లెలి దగ్గరకు కొన్నాళ్లు వెళ్లి వస్తానంటున్నారు. మాది కనిగిరి వైపు. భూగర్భ జలంలో ఫ్లోరైడు ఉండే ప్రాంతం కనుక తాగునీటిని కొలిచి వాడుకోవడం అక్కడి వారికి చిన్నప్పటి నుంచి అలవాటు. చెంబెడు నీళ్లు ఒలికితే మమ్మల్ని కోప్పడిన మనిషి చేతి మీదుగా ఇన్ని నీళ్లు వృథా అయ్యాయన్న బాధ ఆయనకు నా మాటల కంటే ముందే ఉండి ఉంటుంది.

రెండుసార్లు క్షమాపణ చెప్పాను. "దానిదేముందిలే" అన్నారు, అంతే. ఇంట్లో ఏదైనా అనుకోకుండా పాడైనప్పుడు మనకు మొదట మనిషి మీదికే కోపం ఎందుకు పోతుంది? ఆయనను మళ్లీ మామూలు మనిషిని చేయడానికి నేను ఏం చేయాలి?

పాత_బాయిలరు

నేను ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఇప్పుడు జయనగరలో కూతురి దగ్గర ఉంటున్నాను. వాల్వు తెరిచి మరచిపోయిన వారిని, మూసి మరచిపోయిన వారిని, ఒక వాల్వు అనుకొని మరొక వాల్వు తిప్పిన వారిని ఎందరినో చూశాను. ఒకటి రెండుసార్లు ఆ మూడవ రకం మనిషిని నేనే. కనుక మీ ప్రశ్నలోని మొదటి భాగానికి నాకు తెలిసినంతవరకు సమాధానం రాస్తాను.

మనుషుల పొరపాట్ల మీద ఎంతో కృషి చేసిన బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్‌కు ఆ విషయం మీద ఆసక్తి కలిగించింది ఏ పెద్ద ప్రమాదమో కాదు. 1970లలో ఒకనాడు ఆయన ఇంట్లో టీ పెట్టుకుంటూ, పిల్లికి కూడా తిండి పెట్టబోయి, పిల్లి తిండిని తీసుకువెళ్లి టీ కాచే కూజాలో (టీపాట్) వేశారట. చేసే పని తెలియక కాదు, రెండు పనులూ చేతికి బాగా అలవాటైనవి కనుకనే ఒకటి వెళ్లి మరొకదానిలో కలిసింది. తెలియనివాడు చేసేది ఒక రకం, తెలిసినవాడి చేయి జారేది మరొక రకం అని ఆయన విడదీసి చూపించారు. మన భాషలో ఈ తేడా ఎప్పటి నుంచో ఉంది. తప్పు వేరు, పొరపాటు వేరు. అంతటితో ఆగకుండా మనవాళ్లు ఏమరుపాటు, తొట్రుపాటు అని కూడా పేర్లు పెట్టారు. ఎవరి మీదా నెపం వేయడం ఇష్టం లేనప్పుడు వాడుకోవడానికి గ్రహపాటు అనే మాట ఉండనే ఉంది. ఇన్ని మాటలు అందుబాటులో ఉండగా, మీరు ఆ సాయంత్రం ఏమరుపాటును తెలివితక్కువతనం అన్నారు. నాన్నగారిని కుంగదీసింది అదేనని నాకు అనిపిస్తోంది.

ఇక కుళాయి సంగతి. పాత ఇత్తడి కుళాయిని తిప్పి కట్టేటప్పుడు అది బిగుసుకోవడం చేతికి తెలుస్తుంది. నీళ్లు వచ్చినా రాకపోయినా కట్టామో లేదో మణికట్టు చెబుతుంది. మీ ఇంట్లో ఉన్నది ఒక్క లీవరుతో వేడినీళ్లూ చన్నీళ్లూ వచ్చే రకం అయి ఉంటుంది. దానిలో ఎత్తడానికీ దించడానికీ వేలెడు తేడా, బిగువు ఉండదు. ధార కనబడితేనే తెరిచి ఉందని తెలుస్తుంది. ధారే లేనప్పుడు, తెరిచిన కుళాయికీ కట్టిన కుళాయికీ చూపులో తేడా ఏముంది? అమెరికాలో డొనాల్డ్ నార్మన్ అనే ఆచార్యుడు ఇటువంటి వస్తువుల గురించి చాలా రాశారు. తోయాలో లాగాలో తెలియని తలుపు ముందు మనిషి తికమకపడితే దోషం తలుపును తయారుచేసిన వారిదని ఆయన వాదన. అటువంటి తలుపులకు ఆయన పేరే స్థిరపడిపోయింది.

ఆ రోజు జరిగింది ఒక్క పొరపాటు కాదు, గమనించారా? నీళ్లు ఆగిన రోజు, తెరిచి ఉందో కట్టి ఉందో తెలియని కుళాయి, చిల్లు మీద పడిన పళ్లెం, ఇంట్లో ఎవరూ లేకపోవడం, ఇవన్నీ ఒకే వరుసలోకి వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మీకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. రీజన్ దీనిని చిల్లులున్న జున్ను ముక్కలతో పోల్చారు. ఒక్కొక్క ముక్కకు చిల్లు ఒక్కొక్క చోట ఉంటుంది. పక్కపక్కన పేర్చినప్పుడు ఎప్పుడో ఒకసారి అన్ని చిల్లులూ ఒకే గీత మీదికి వస్తాయి, ప్రమాదం అందులోంచి దూరిపోతుంది. మన గారెలతో చెబుదామంటే, గారెకు చిల్లు ఎప్పుడూ నడిమధ్యనే ఉంటుంది గనుక పోలిక కుదరడం లేదు. మీ వరుసలో ఇంకొక చిల్లు కూడా ఉంది. నీళ్లు రావన్న సందేశం వాట్సాప్ గ్రూపుకు వచ్చిందన్నారు. పగలంతా ఇంట్లో ఉండే నాన్నగారు ఆ గ్రూపులో ఉన్నారా?

ఒక మాట మీ ప్రశ్నకు సంబంధించినది కాకపోయినా చెప్పక తప్పదు. నీరు నిండిన ఇంట్లో అడుగుపెట్టే ముందు, పొడి చోట నిలబడి మెయిన్ స్విచ్ తీసేయాలి. నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఉండే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. కింది ఇంటివారికి కూడా కప్పు పూర్తిగా ఆరే వరకు ఆ గదిలో ఫ్యాను, దీపం వేయవద్దని వెంటనే చెప్పాలి. మీ నాన్నగారు తడి నేల మీద రెండు చేతులతో నీరు తోడుతూ ఉన్నారన్న చోట నాకు భయం వేసింది.

ముక్కుసూటి

పెద్దలు చెప్పినది బాగానే ఉంది గాని, నేను కొంచెం అడ్డం తిరుగుతాను.

మొదటి విషయం. కింది ఇంటావిడ మంచితనం గురించి చక్కగా రాశారు. ఆవిడ కప్పుకు రంగు ఎవరు వేయించారు? సోఫా ఎవరు బాగు చేయించారు? మీ ప్రశ్న మొత్తం చదివినా నాకు ఆ సంగతి కనబడలేదు. "పరవాగిల్ల" అనడం ఆవిడ మర్యాద. దానిని బాకీ తీరినట్టు రసీదుగా తీసుకోకూడదు. బెల్లందూరులో మా పై ఇంటివారి వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి, మా ఇంట్లో రెండు అలమరల పుస్తకాలు తడిసిపోయాయి. వారు నాలుగుసార్లు వచ్చి ఎంతో బాధపడ్డారు. మా అమ్మ నాలుగుసార్లు కాఫీ ఇచ్చింది. పుస్తకాల మాట ఎవరూ ఎత్తలేదు. తరువాత మెట్ల మీద ఎదురుపడితే వారే తల తిప్పుకొని వెళ్లడం మొదలుపెట్టారు. డబ్బు ఇచ్చి ఉంటే ఆ పలకరింపు మిగిలేది. ఇంటికి భీమా ఉంటే ఒకసారి కాగితాలు తీసి చూడండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ భీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో నీటి ట్యాంకులు, గొట్టాలు పగలడం, పొంగిపొర్లడం వల్ల కలిగే నష్టం చేరి ఉంటుంది. కట్టని కుళాయి ఆ మాట కిందికి వస్తుందో రాదో మీ కంపెనీనే అడగాలి. ఆవిడ ఇంటికి ఆవిడ పాలసీ, మీ ఇంటికి మీ పాలసీ. కనుక ఆవిడ నష్టాన్ని మీ జేబులోంచి ఇవ్వడానికి సిద్ధపడండి.

రెండవ విషయం మీకు నచ్చకపోవచ్చు. మీ ప్రశ్నలో మీ నాన్నగారి పొరపాటు గురించి ఒక పేరా ఉంది. మీ పొరపాటు గురించి ఒకే వాక్యం ఉంది, అది కూడా మధ్యలో దాగి ఉంది. వాచ్‌మన్ మూడుసార్లు ఫోను చేశాడు, మీరు చూసుకోలేదు. మొదటి ఫోను ఎన్ని గంటలకు వచ్చింది? కుళాయి కట్టకపోవడం ఏమరుపాటు అయితే, పసివాడు, పెద్దాయన ఇంట్లో ఉండగా ఫోను సైలెంటులో పెట్టి రెండు గంటలు చూడకపోవడాన్ని ఏమంటారు? అది ఆయన ఎప్పుడైనా మిమ్మల్ని అడిగారా?

పగిలిన_జాడీ

నేను మారతహళ్లిలో ఉంటాను. పైన ఉన్న జవాబులు రెండూ ఇల్లు, కుళాయి, డబ్బు వైపు నుంచి వచ్చాయి. నేను మాట పడిన వారి వైపు నుంచి రాస్తాను, ఎందుకంటే ఆ స్థానంలో నేను పదకొండేళ్లుగా ఉన్నాను.

పెళ్లయిన మొదటి వేసవిలో మా అత్తగారి ఊరిలో ఆవకాయ పెట్టారు. మూడవ రోజు తిరగకలిపి, వాసెన కట్టిన జాడీని అటక కింద గదిలో పెట్టి రమ్మన్నారు. గడప దగ్గర చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడి, జాడీ చేజారింది. సంవత్సరానికి సరిపడే ఆవకాయ, నూనె, పింగాణి పెంకులు, నా చీర అంతా ఒకటయ్యాయి. నా పాదం తెగి రక్తం వస్తోందని నాకు కూడా తెలియలేదు, ఆ ఎరుపులో ఎవరికి తెలుస్తుంది? మా అత్తగారు అరవలేదు, తిట్టలేదు. చాలా నెమ్మదిగా, "ఇక నువ్వు వీటి జోలికి రాకమ్మా" అన్నారు. ఆవిడ దృష్టిలో అది కోపం కూడా కాదు, ఒక ఏర్పాటు మాత్రమే. ఆ తరువాత ఆవిడ ఆ మాట మరచిపోయారు. నేను ఈనాటికీ ఆ ఇంట్లో జాడీ ముట్టుకోను. పచ్చడి కావాలంటే మావారిని పిలిచి తీయిస్తాను. మా తోడికోడళ్లు అది నా గారాబం అనుకుంటారు.

మరుసటి సంవత్సరం మా అత్తగారి చేతిలోనే నెయ్యి గిన్నె జారిపడింది. ఇంటిల్లిపాదీ "దిష్టి పోయిందిలే" అన్నారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మన పెద్దలు ఎంత చూసి అన్నారో అప్పుడు తెలిసింది. ఎవరి చేయి జారింది అనే దానిని బట్టి జరిగిన నష్టం విలువ మారిపోతుంది. ఇంట్లో అధికారం ఉన్నవారి పొరపాటుకు కారణం బయట ఉంటుంది. అంటే గచ్చు జారుడుగా ఉందని, గిన్నెకు జిడ్డు ఉందని చెబుతారు. లేనివారి పొరపాటుకు కారణం వారిలోనే ఉంటుంది. మీ ఇంట్లో ఇప్పుడు జీతం మీది, ఇల్లు మీది, అప్పు చేసి వేయించిన ఫ్లోరింగు మీది. నాన్నగారు కోడలి స్థానంలోకి వచ్చారని మీరు గమనించారో లేదో నాకు తెలియదు, ఆయన మాత్రం తప్పక గమనించి ఉంటారు. ఫ్యాను వేసుకోవడానికి అనుమతి అడగడం అందుకే.

అందువల్ల మీరు మూడవసారి క్షమాపణ చెప్పవద్దని నా సలహా. మీరు చెప్పిన ప్రతిసారీ ఆయన "దానిదేముందిలే" అని మీకు ఊరట కలిగించవలసి వస్తోంది. మాట పడినది ఆయన, ఓదార్చవలసిన భారం కూడా ఆయనదేనా? దానికి బదులు ఆయన చేతికి పని తిరిగి ఇవ్వండి. బుజ్జగింపు కోసం కల్పించిన పని కాకుండా, మీకు నిజంగా అవసరమైన పని, అది కూడా నీళ్లతో, వంటింటితో ముడిపడిన పనే ఇవ్వండి. ఇచ్చిన తరువాత వెనుక నిలబడి చూడవద్దు. మా అత్తగారు ఒక్కసారి, ఏ పండుగ నాడో, "ఆ జాడీ ఇలా తీసుకురామ్మా" అని యథాలాపంగా అని ఉంటే నేను పరుగెత్తి ఉండేదాన్ని.

మీ అబ్బాయి ముందు అన్న మాటను మాత్రం మీ అబ్బాయి ముందే వెనక్కి తీసుకోవాలి. పిల్లలు ఆ మొదటి మాటను పట్టుకుంటారు, గదిలో తలుపు వేసుకొని చెప్పిన క్షమాపణ వారికి వినబడదు.

మెజెస్టిక్_మీదుగా

ముక్కుసూటి గారి రెండవ ప్రశ్న నన్ను పట్టుకుంది, అందుకే నా కథ చెబుతున్నాను.

బెంగళూరులో ఉండే మనవాళ్లందరికీ తెలిసినదే. ఊరికి వెళ్లే బండి మెజెస్టిక్ దగ్గర సిటీ స్టేషన్ నుంచి ఉండవచ్చు, యశ్వంతపూర్ నుంచి ఉండవచ్చు, 2022లో మొదలైన బైయప్పనహళ్లి విశ్వేశ్వరయ్య టెర్మినల్ నుంచి ఉండవచ్చు. గత సంక్రాంతికి ఇద్దరు పిల్లలు, నాలుగు సంచులతో నేను దర్జాగా మెజెస్టిక్ చేరుకొని, బోర్డు మీద మా బండి పేరు కోసం వెతికాను. బండి బైయప్పనహళ్లి నుంచి. దారిలో మా ఆవిడ రెండుసార్లు "టికెట్టు ఒకసారి చూడండి" అన్నది. నేను చూడలేదు, ఇరవై ఏళ్లుగా ఇదే ఊళ్లో ఉంటున్నవాడిని టికెట్టు ఎందుకు చూస్తాను? అక్కడి నుంచి ఊరంతా అడ్డంగా దాటి, టెర్మినల్ మెట్లెక్కేసరికి బండి కదిలి ఏడు నిమిషాలయింది.

అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, ఆటో డ్రైవరును తిట్టాను. అతను చేసిన నేరం పాపం ఒక సిగ్నల్ దగ్గర ఎర్ర దీపానికి ఆగడం. తరువాత పెద్దవాడిని తిట్టాను, వాడు బయలుదేరే ముందు బాత్‌రూముకు వెళ్లినందుకు. మా ఆవిడ ఒక్క మాట అనకుండా ప్లాట్‌ఫారం మీద పెట్టె వేసుకొని కూర్చుని, రాత్రికని తెచ్చిన పులిహోర పొట్లాం విప్పి పిల్లలకు పెట్టింది. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ ఏడు నిమిషాలు నన్ను వారం రోజులు వేధించాయి. మనస్తత్వ శాస్త్రంలో డానియెల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు 1982లో దీని గురించే రాశారని తరువాత చదివాను. ఇద్దరు మనుషులు వేర్వేరు విమానాలు ఎక్కాలి, రెండూ ఒకే సమయానికి బయలుదేరేవే. ఇద్దరూ ఒకే కారులో వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కొని, అరగంట ఆలస్యంగా చేరారు. ఒకరి విమానం సమయానికే వెళ్లిపోయింది. రెండవ వారి విమానం ఆలస్యమై, అయిదు నిమిషాల క్రితమే బయలుదేరింది. ఎవరికి ఎక్కువ బాధ కలుగుతుందని అడిగితే నూటికి 96 మంది రెండవ మనిషికే అన్నారు. నష్టం ఇద్దరికీ ఒక్కటే. కాని రెండవ మనిషి మనసులో ఆ అయిదు నిమిషాలను ఎక్కడెక్కడ మిగిల్చి ఉండవచ్చునో లెక్క మొదలవుతుంది. నా లెక్కలో ప్రతిసారీ ఆటో దగ్గర, పిల్లవాడి దగ్గర నిమిషాలు దొరికాయి. టికెట్టు చూడని నా దగ్గర మాత్రం దొరకలేదు, ఎందుకంటే నేను అక్కడ వెతకలేదు.

కనిగిరి గారూ, వాచ్‌మన్ అసలు ఫోనే చేయకపోయి ఉంటే ఆ సాయంత్రం మీకు అంత కోపం వచ్చేదా?

కనిగిరి_కుర్రవాడు (పది రోజుల తరువాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు అందరూ క్షమించండి. మీ జవాబులను నా భార్యతో కలిసి చదివాను. ముక్కుసూటి గారి జవాబు చదివినప్పుడు కోపం వచ్చి ఫోను పక్కన పడేశాను, మెజెస్టిక్ గారి చివరి ప్రశ్న చూసి మళ్లీ తీశాను.

మొదటి ఫోను రెండు గంటల ఇరవై నిమిషాలకు వచ్చింది. ఇంటి తాళం చెవి ఒకటి ఎదురింటి వారి దగ్గర ఉంది. అప్పుడే చూసుకొని ఉంటే, వారి చేత తలుపు తీయించి కుళాయి కట్టించడానికి అయిదు నిమిషాలు చాలు. పాత బాయిలరు గారి జవాబు చదివిన తరువాత లెక్క వేశాను. నిమిషానికి ఆరు లీటర్లు అనుకున్నా, రెండు గంటలకు 720 లీటర్లు. ఆ ఫోను ఎత్తి ఉంటే, ఆ అయిదు నిమిషాలు తీసేసినా, అందులో 570 లీటర్లు ఇంట్లోకి వచ్చేవి కావు. ఆ రోజు కారులో ఇంటికి వస్తూ దారి పొడవునా నేను చూసింది ఆ మిస్డ్ కాల్స్ సమయాలనే. గుమ్మంలోకి వచ్చేసరికి ఆ కోపం పట్టుకోవడానికి నాన్నగారు ఎదురుగా ఉన్నారు. వాట్సాప్ గ్రూపు గురించి కూడా మీరు అడిగినది నిజమే, నాన్నగారు అందులో లేరు. ఆ సందేశం ఆయనకు చెప్పాలని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

కింది ఇంటావిడ కప్పు ఆరడానికి మూడు వారాలు పట్టింది. రంగు వేసే మనిషిని నేనే పంపాను. సోఫాకు డబ్బు ఇవ్వబోతే మొదట వద్దన్నారు. నా భార్య వెళ్లి కూర్చుని, మీరు తీసుకోకపోతే మామయ్యగారు మీ ఎదుట పడలేకపోతున్నారని చెప్పిన తరువాత తీసుకున్నారు. అది అబద్ధం కాదు, నాన్నగారు లిఫ్టులో ఆవిడ కనబడితే మెట్ల మీద వెళుతున్నారు.

పగిలిన జాడీ గారు చెప్పినట్టు ఒక ఆదివారం టిఫిన్ల దగ్గర మా అబ్బాయి ఉండగానే నాన్నగారితో ఫోను సంగతి మొత్తం చెప్పాను. వాచ్‌మన్ ఎన్నిసార్లు చేశాడో, ఏ సమయంలో చేశాడో ఫోనులో తీసి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకొని, జవాబు పత్రం దిద్దేటప్పటి మాదిరి శ్రద్ధగా మూడు అంకెలూ చూసి, ఫోను తిరిగి ఇచ్చేశారు. ఏమీ అనలేదు. మా వాడు మాత్రం "అయితే నాన్నది కూడా తప్పేనా తాతయ్యా?" అని అడిగాడు. "తప్పు కాదురా, పొరపాటు" అన్నారు. ఈ చర్చ ఆయన చదవలేదు, నేను చూపించలేదు.

పని విషయంలో ఏం ఇవ్వాలో నాకు తోచలేదు. చివరికి అపార్ట్‌మెంటు సంఘం నుంచే పని వచ్చింది. ట్యాంకరు వచ్చినప్పుడు సంపులోకి ఎంత నీరు దిగిందో చూసి పుస్తకంలో రాసే మనిషి కావలసి వచ్చింది. 2024 వేసవిలో ఈ ఊరు నీటికి ఎంత కటకటలాడిందో మీకు గుర్తుండే ఉంటుంది, తాగే నీటితో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని ప్రకటించిన రోజులవి. అప్పటి నుంచి మా సంఘం ఆ లెక్క రాయిస్తోంది గాని, పగలు ఇంట్లో ఉండేవారు ఎవరూ ముందుకు రావడం లేదు. నాన్నగారిని అడగమని కార్యదర్శితో చెప్పాను, నేను అడిగితే బుజ్జగింపు అనుకుంటారని. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. ఇప్పుడు ట్యాంకరు వస్తే కిందికి వెళ్లి, కర్రతో లోతు కొలిచి, ఎర్ర సిరాతో రాసి వస్తున్నారు. మొన్న ఒక ట్యాంకరులో నీరు తక్కువ ఉందని డ్రైవరుతో అరగంట వాదించారని వాచ్‌మన్ చెప్పాడు. వాట్సాప్ గ్రూపులో చేర్చాము, అందరికంటే ముందు సందేశాలు చదువుతున్నది ఆయనే.

వంటింట్లోకి ఇంకా పూర్తిగా రావడం లేదు. సీసాలో నీళ్లు ఇంకా పట్టించుకుంటున్నారు. కుళాయి మార్చి, పాత పద్ధతిలో తిప్పేది పెట్టించాలని అనుకుంటున్నాను. ఆయన కోసమే మార్చామని బాధపడతారేమోనని ఆగాను.

పగిలిన_జాడీ

మార్చవద్దు. ఆ కుళాయితోనే ఆయనకు సయోధ్య కుదరాలి. ఒంగోలు ప్రయాణం ఉందా, ఆగిందా?

కనిగిరి_కుర్రవాడు

వాయిదా పడింది. ట్యాంకరు పుస్తకం ఎవరికి అప్పగించాలో తేలలేదట.

ఇంకొక సంగతి రాసి ముగిస్తాను. ఈ రోజు ఉదయం నేను ఆఫీసుకు బయలుదేరుతుండగా నాన్నగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి చేయి చాచి కుళాయి లీవరును ఒకసారి కిందికి నొక్కి చూశారు. తరువాత నా చొక్కా జేబు వైపు చూసి, "నేను కట్టాను. నీది మోగుతుందా, లేదా?" అన్నారు. తీసి చూస్తే సైలెంటులోనే ఉంది.